షెల్ టెస్టుల్లో 'ఫెయిలవుతాయని తెలిసినవి': ఒక పట్టికను చక్కదిద్దిన అనుభవం

నల్లగొండలో ఇంటి నుంచే పనిచేసే నేను, మహబూబ్‌నగర్‌లో ఉండే ఒక మిత్రుడితో కలిసి ఒక చిన్న కమాండ్ షెల్ (టైపు చేసిన ఆదేశాలను నడిపే ప్రోగ్రామ్) నిర్వహణను చేపట్టినప్పుడు, దాని టెస్టులతో పాటు 'ఫెయిలవుతాయని తెలిసినవి' అనే పట్టిక కూడా మా చేతికి వచ్చింది. అందులో టెస్టు పేరు, ప్లాట్‌ఫామ్ పేరు ఉన్నాయి తప్ప కారణం ఎక్కడా లేదు. "అవి ఎప్పుడూ గట్లనే ఉంటయన్నా, పట్టించుకోకు" అన్నాడు మిత్రుడు. కారణం రాయని మినహాయింపును నమ్మడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకే ఒక్కో వరుసనూ విప్పి చూశాం.

మొదట తీసుకున్నది సిగ్నల్ టెస్టు. షెల్ మొదలుపెట్టిన ఒక ప్రోగ్రామ్‌ను (చైల్డ్ ప్రాసెస్‌ను) సిగ్‌యూఎస్‌ఆర్1 అనే సిగ్నల్‌తో ఆపేసి, షెల్ ఇచ్చే ఎగ్జిట్ స్టేటస్ (ప్రోగ్రామ్ ఎలా ముగిసిందో చెప్పే సంఖ్య) 138 అవునా కాదా అని అది చూస్తుంది. ఇంటెల్ లినక్స్ యంత్రాలపై ఆ సిగ్నల్ సంఖ్య 10 కాబట్టి 128కి 10 కలిపి 138 వస్తుంది. మ్యాక్‌ఓఎస్, ఫ్రీబీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్‌లలో దాని సంఖ్య 30 కాబట్టి 158 వస్తుంది. యూనిక్స్ తరహా వ్యవస్థలకు ఉమ్మడిదైన పాసిక్స్ ప్రమాణం కోరేది మాత్రం స్టేటస్ 128 కన్నా ఎక్కువ ఉండాలనే. షెల్‌లో తప్పేమీ లేదు. టెస్టు రాసినవారు లినక్స్‌ను మాత్రమే దృష్టిలో పెట్టుకున్నారు. ఆ స్టేటస్‌ను కిల్ కమాండుకు ఎల్ ఆప్షన్‌తో ఇచ్చి, వచ్చిన సిగ్నల్ పేరును పోల్చేలా మార్చగానే అన్నిచోట్లా పాసయింది. పట్టికలో చాలా వరుసలు ఈ కోవవే.

కొన్ని టెస్టులు ఆ చోట అడగడానికే వీలులేని ప్రశ్నలు. చదివే అనుమతి లేని ఫైలును తెరిస్తే షెల్ లోపం చూపాలన్నది ఒక టెస్టు. మేము టెస్టులు నడిపే కంటైనర్‌లో (విడిగా ఉంచిన వాతావరణంలో) అంతా రూట్‌గా, అంటే అన్ని అనుమతులూ ఉన్న యూజర్‌గా, నడుస్తుంది కాబట్టి ఆ ఫైలు తెరుచుకుంటుంది. దీన్ని ఫెయిల్ అనడం తప్పు, స్కిప్ అనాలి. టెస్టులు నడపడానికి మేము వాడే ఆటోమేక్ అనే సాధనంలో అందుకు ఎగ్జిట్ కోడ్ 77 ఉంది.

ఇంతకన్నా ఆసక్తికరమైనది ఫైలు పేర్ల టెస్టు. అందులో 'పైరు' అనే ఫైలును సృష్టించి, నక్షత్రం గుర్తుతో వెతికి, వచ్చిన పేరును బైట్లతో సహా పోలుస్తాం. యూటీఎఫ్-8లో, ఒక్కో తెలుగు సంకేతానికి మూడు చొప్పున, ఆ పేరు 12 బైట్లు. మ్యాక్‌ల పాత ఫైల్‌సిస్టమ్ అయిన హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఉన్న డిస్కుపై మాత్రం 15 బైట్లు తిరిగి వస్తాయి, ఎందుకంటే ఆ ఫైల్‌సిస్టమ్ ఐత్వాన్ని రెండు సంకేతాలుగా విడగొట్టి దాచుకుంటుంది. కొత్త ఏపీఎఫ్‌ఎస్ ఇచ్చిన పేరును ఇచ్చినట్టే ఉంచుతుంది. కాబట్టి పట్టికలో 'మ్యాక్‌ఓఎస్' అని రాసి ఉండటమే సరికాదు. ప్లాట్‌ఫామ్ పేరు అడగడం మానేసి, ముందుగా ఒక ఫైలును సృష్టించి పేరు మారిందో లేదో చూసుకున్నాకే ఈ టెస్టును నడిపేలా చేశాం.

చివరికి నిజంగా షెల్ లోపాలే అయినవి కొన్నే మిగిలాయి. వాటిలో ముఖ్యమైనది, వెయిట్ కమాండు (చైల్డ్ ప్రాసెస్ ముగిసేదాకా ఆగేది) నడుస్తుండగా ట్రాప్ పెట్టిన (వస్తే ఏం చేయాలో ముందే చెప్పి ఉంచిన) సిగ్నల్ వస్తే వెయిట్ వెంటనే తిరిగి రాకపోవడం. ఇది ఫ్రీబీఎస్‌డీలో మాత్రమే కనబడేది. ఇలాంటివాటికే ఎక్స్‌ఫెయిల్ (అనుకున్న ఫెయిల్) గుర్తు ఉంచి, పక్కన కారణాన్నీ లోపం నమోదు సంఖ్యనూ రాయడం తప్పనిసరి చేశాం. అయితే ఎక్స్‌ఫెయిల్‌లో ఒక ప్రమాదం ఉంది: తప్పు జవాబు ఇచ్చినా, షెల్ సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో (మెమరీ తప్పుతో) కూలిపోయినా రెండూ 'అనుకున్న ఫెయిలే' అనిపించుకుంటాయి. ఆటోమేక్‌లో 99 కోడ్‌తో ముగిసిన టెస్టు ఎక్స్‌ఫెయిల్ జాబితాలో ఉన్నా ఎర్రర్‌గానే లెక్కకు వస్తుంది కాబట్టి, షెల్ ఏదైనా సిగ్నల్‌కు కూలితే 99 ఇచ్చే చిన్న స్క్రిప్టును మధ్యలో పెట్టాం. అది వచ్చాక, అంతవరకూ 'అనుకున్న ఫెయిల్'గా చలామణీ అయిన ఒక హియర్-డాక్యుమెంట్ (ఆదేశంతో పాటే దాని ఇన్‌పుట్‌నూ రాసి ఇచ్చే పద్ధతి) టెస్టు నిజానికి క్రాష్ అని బయటపడింది.

వెయిట్ లోపాన్ని మిత్రుడు సరిచేసిన రోజు ఫ్రీబీఎస్‌డీ రన్ ఎర్రగా మారింది. అనుకున్న ఫెయిల్ పాసైతే ఆటోమేక్ దాన్నీ వైఫల్యంగానే చూపుతుంది. ఆ వరుసను పట్టిక నుంచి తీసేశాకే రన్ పచ్చబడింది.