ముప్పావును అరతో భాగించిన రోజు: టెట్, డీఎస్సీ గణితంలో నా ప్రిపరేషన్ అనుభవం

2024లో తెలంగాణ ప్రభుత్వ ఉపాధ్యాయ నియామక పరీక్ష అయిన డీఎస్సీలో ఎస్‌జీటీగా (ప్రాథమిక తరగతుల టీచరుగా) ఎంపికై, అక్టోబర్ 9న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో నియామక పత్రం అందుకున్నాను. అప్పటి నుంచి తోటి అభ్యర్థులు అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: ఇంటర్‌లో గణితం లేని హెచ్‌ఈసీ (చరిత్ర, అర్థశాస్త్రం, పౌరశాస్త్రం) చదివిన అమ్మాయివి, గణితం ఎలా దాటావు? ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పడం కన్నా వివరంగా రాయడం మేలనిపించింది.

ముందు ఓటమి గురించి చెప్పాలి. డీఎస్సీ రాయాలంటే ముందు దాటవలసిన అర్హత పరీక్ష టెట్. 2023 సెప్టెంబర్ 15న జరిగిన టెట్ పేపర్-1లో నాకు 71 మార్కులు వచ్చాయి. బీసీ అభ్యర్థినిగా నాకు కావలసినవి 75. గణితంలో 30కి 11 మాత్రమే వచ్చాయి. నేను చేరిన కోచింగ్ సెంటర్‌లో ఆర్ట్స్ విద్యార్థులకు ఇచ్చిన సలహా ఏమిటంటే, గణితం వదిలేసి తెలుగు, పరిసరాల విజ్ఞానం, శిశు వికాసాలలో మార్కులు పోగుచేసుకోమని. దాన్ని నమ్మి, షార్ట్‌కట్ సూత్రాలు రెండు వందల దాకా ఒక నోటుపుస్తకంలో రాసుకుని బట్టీ పట్టాను. పరీక్ష హాలులో ఏ ప్రశ్నకు ఏ సూత్రమో తేల్చుకోలేక, సమయం మిగిలి ఉన్నా చేతులు కట్టుకుని కూర్చున్నాను. మైనస్ మార్కులు లేని పరీక్ష కనుక మిగిలిన వృత్తాలు ఊహతో నింపి వచ్చాను.

ఆ చలికాలంలో మా ఊళ్లోని కిరాణా కొట్టులో అమ్మకు సాయంగా కూర్చునేదాన్ని. ఏడో తరగతి చదివే మా అన్నయ్య కూతురు ఒక సాయంత్రం లెక్క చూపించి, "అత్తా, భాగిస్తే తగ్గాలి కదా, ఇక్కడ పెరిగిందేమిటి?" అని అడిగింది. 3/4ను 1/2తో భాగిస్తే 3/2 వస్తుంది. రెండో భిన్నాన్ని తిరగేసి గుణించాలని చెప్పాను. ఎందుకు తిరగేయాలని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ప్రాథమిక ఉపాధ్యాయ శిక్షణ డిప్లొమా అయిన డీఎడ్ పూర్తిచేసి, ఒకసారి టెట్ రాసినదాన్ని, ఆ చిన్నపిల్ల ముందు మౌనంగా ఉండిపోయాను.

చివరికి ముప్పావు కిలో కందిపప్పు తూచి, అరకిలో కవర్లలో పోయమన్నాను. ఒక కవరు నిండింది, పావుకిలో మిగిలింది. "అయితే ఒకటింపావు" అంది. పుస్తకంలో మాత్రం ఒకటిన్నర అని ఉంది. ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో నాకూ వెంటనే తట్టలేదు. రాత్రి కొట్టు కట్టేసే వేళకు వెలిగింది. మిగిలినది కిలోలో పావు, నిజమే. కానీ ప్రశ్న అడుగుతున్నది ఎన్ని కవర్లు అని. పావుకిలో అంటే అరకిలో కవరులో సగం. కాబట్టి ఒకటిన్నర కవర్లు. తిరగేయడం కూడా అప్పుడే అర్థమైంది: ఒక కిలోలో అరకిలో కవర్లు రెండు ఉంటాయి కనుక, ముప్పావు కిలోలో ఆ రెండులో ముప్పావు వంతు ఉంటాయి. అంటే 3/4ను 2తో గుణించడమే. పదేళ్లుగా యాంత్రికంగా చేస్తున్న పనికి అర్థం ఉందని తెలిసిన ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరునాడు షార్ట్‌కట్ల పుస్తకం పక్కన పెట్టి, ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి వరకు వరుసగా మొదలుపెట్టాను. నియమం కనిపించిన ప్రతిచోటా ఎందుకని ప్రశ్నించుకుని, జవాబు సొంత మాటల్లో రాయగలిగాకే ముందుకు వెళ్లాను. చుట్టుకొలత 20 ఉన్న దీర్ఘచతురస్రాలను గళ్ల కాగితంపై గీసి, 9, 1 భుజాలకు వైశాల్యం 9 అయితే 5, 5 భుజాలకు 25 అవుతుందని చూశాక, ఆ అధ్యాయంలో తప్పు చేయలేదు.

ఇందులో మీరు గమనించవలసినది ఒకటుంది. పేపర్-1 గణితంలో 24 మార్కులు విషయానికి, 6 మార్కులు బోధనా పద్ధతులకు. ఈ ఆరింటిని విడిగా బట్టీ పట్టేవాళ్లే ఎక్కువ. పిల్లవాడు 'మూడు వందల ఐదు'ను 3005 అని రాస్తే లోపం స్థానవిలువలో ఉందని, 0.4 కన్నా 0.35 పెద్దదంటే పూర్ణసంఖ్యల అలవాటును దశాంశాలకు వర్తింపజేస్తున్నాడని గుర్తించాలంటే, ముందు ఆ విషయం మనకు లోతుగా తెలిసి ఉండాలి. మనస్తత్వవేత్త బ్రూనర్ చెప్పిన క్రియాత్మక, చిత్రప్రతిమ, ప్రతీకాత్మక దశలు డీఎడ్‌లో నాకు మూడు పేర్లు మాత్రమే. పప్పు తూచడం, దాన్ని బొమ్మగా గీయడం, ఆపై 3/4 ÷ 1/2 అని రాయడం అదే వరుస అని తెలిశాక, పద్ధతుల ప్రశ్నలకు విడిగా చదవవలసిన అవసరం పెద్దగా రాలేదు.

మిగతాది త్వరగానే సాగింది. 2024 టెట్‌లో 107 మార్కులు, గణితంలో 25 వచ్చాయి. జూన్ 12న ఫలితాలు, జూలై 18 నుంచి డీఎస్సీ. ఆ ఐదు వారాలు రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, కంప్యూటర్‌పై రాసే అలవాటు కోసం మాక్ టెస్టులు రాశాను. ఫోన్‌ను అమ్మకు అప్పగించాను. పెళ్లిళ్లకు వెళ్లలేదు, బంధువులు నొచ్చుకున్నారు. ఏడాదిలో మూడు నెలలు చదివి మిగతా కాలం నోటిఫికేషన్ కోసం ఎదురుచూసేవారికి ఈ ఉద్యోగం రాదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

బీఎడ్ వారిని ఎస్‌జీటీ పోస్టులకు అనర్హులుగా చేసిన సుప్రీంకోర్టు తీర్పు వల్లే నాకు ఉద్యోగం వచ్చిందని కొందరు అంటున్నారు. ఆ తీర్పు 2023 ఆగస్టులో వచ్చింది, ఆ తర్వాత సెప్టెంబర్‌లో రాసిన టెట్‌లోనే నేను తప్పాను. టెట్‌లో ఎవరితోనూ పోటీ లేదు, దాటవలసింది అర్హత మార్కునే. అక్కడ నన్ను ఆపింది గణితం, దాటించిందీ గణితమే.

వచ్చే టెట్‌కు సిద్ధమవుతున్నవారు ముందు భిన్నాల అధ్యాయానికి పది రోజులు ఇవ్వండి. నిష్పత్తి, శాతాలు, లాభనష్టాలు, బారువడ్డీ అన్నీ దాని మీదే నిలిచి ఉన్నాయి. ఇంట్లో అయిదో తరగతి పిల్లలుంటే వారికి చెప్పి చూడండి. వారు ఎక్కడ ఆగి ఎందుకని అడుగుతారో అక్కడ గుర్తు పెట్టుకుని, ఆ పేజీని మళ్లీ చదవండి.