నూనెట, గ్రీజు కాదట

రాత్రి పన్నెండున్నర అయింది. చేతులు నాలుగుసార్లు కడిగినా గేరాయిలు వాసన వదల్లేదు. నిమ్మచెక్క కూడా రుద్దాను. కీబోర్డుకి కూడా అంటుకునే ఉంటుంది. పొద్దున్నే మా చిన్నది ముక్కు మూసుకుని గొడవ చేస్తుంది, చెయ్యనీ. నిద్ర పట్టట్లేదు, అందుకే ఇది.

కారు సంగతే. వద్దనుకున్నవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. కిందటిసారి "మళ్ళీ ఆ డొక్కు గురించేనా" అన్నవాళ్ళు మరీ ముఖ్యంగా.

చలికాలమంతా గ్యారేజీలో దుప్పటి కప్పుకుని పడుకున్న స్పిట్‌ఫైర్‌ని, అదే ట్రయంఫ్ కంపెనీ పాత రెండు సీట్ల కారుని, ఇవాళ బయటికి తీశాం. కొన్నది ఈయన, కింద దూరేది నేను. ఆయన నడుము సంగతి మీకు తెలుసు. ఆయన పైన నిలబడి పుస్తకం చదువుతారు, నేను కింద అట్టముక్క మీద పడుకుని చేస్తాను. 1973 బండికి 1973 పుస్తకం. ఏ నట్టు ఎక్కడుందో, ఎన్ని మైళ్ళకి ఏం పొయ్యాలో అన్నీ ఉంటాయి. ఇంతకుముందు ఎవరి చేతుల్లో ఉండేదో కానీ ప్రతి పేజీ అంచునా నల్లటి వేలిముద్ర ఉంది.

మొదట డాష్‌పాట్‌లు. పెట్రోలుని గాలితో కలిపే రెండు కార్బురేటర్ల నెత్తిన రెండు నల్లటి మూతలు. మూత తిప్పి తీస్తే సన్నటి కడ్డీ బయటికి వస్తుంది. లోపల కాస్త ఇంజనాయిలు పోసి కడ్డీని మళ్ళీ దించితే, సగం దాకా ఊరికే దిగి, నూనె తగిలిన చోట మెత్తగా వేలిని ఆపుతుంది. బండి మొత్తంలో నాకు ఇష్టమైన పని అదొక్కటే. రెండు నిమిషాల్లో అయిపోతుంది, అదే విచారం.

తర్వాత ట్రనియన్లు. అక్కడే నా ఒళ్ళు మండింది.

కొత్తగా చదివేవాళ్ళ కోసం ఒక్క ముక్క చెప్తాను. ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే నిలువు ఇనుప కడ్డీ అడుగుకి మరలుంటాయి. ఆ మరలు కంచుతో చేసిన ఒక దిమ్మలోకి దిగి ఉంటాయి. ఆ దిమ్మే ట్రనియన్. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఆ ఇనుము ఈ కంచులో తిరుగుతుంది. ముందుభాగం బరువులో ఒక పక్కది అంతా దాని మీదే. అందులో పొయ్యాల్సింది నూనె. తొంభై నంబరు గేరాయిలు, అది కూడా కంచుని తినెయ్యని రకం. గ్రీజు కాదు. గ్రీజయితే ఎక్కించిన చోటే ముద్దగా కూర్చుంటుంది, మరల చివరిదాకా పాకదు. కొన్నాళ్ళకి ఎండి గట్టిపడుతుంది. సందులో నీళ్ళు చేరతాయి, ఇనుము తుప్పు పడుతుంది, ఒకరోజు కడ్డీ విరుగుతుంది, చక్రం పక్కకి పడిపోతుంది. నూనె అయితే అడుగున నిలవుండి మరలన్నిటినీ తడుపుతుంది. ఆరువేల మైళ్ళకోసారి అని పుస్తకంలో ఉంది. మేం తిప్పేదెంత కనక, ఏడాదికోసారి చేస్తే చాలు.

కుడి చక్రం దగ్గర ట్రనియన్‌కున్న చిన్న బిరడా విప్పాను. నూనె చుక్క రాలేదు. అగ్గిపుల్ల పెట్టి గెలికితే నల్లటి ముద్ద వచ్చింది, ఎండిపోయిన కాటుకలాగా. దాని వెనకే ఎర్రటి నీళ్ళు రెండు చుక్కలు.

గ్రీజు. కిందటేడు మే నెలలో నాకు భుజం నొప్పిగా ఉందని, మొదటిసారి, ఒకే ఒక్కసారి, బయట షెడ్డుకి ఇచ్చాం. బిల్లు దాచాను, ఇవాళ తీసి చూశాను. "అన్ని చోట్లా లూబ్రికేషన్, 65 పౌండ్లు." అన్ని చోట్లా! ఇచ్చేటప్పుడు చిలక్కి చెప్పినట్టు చెప్పాను, ఇది ట్రయంఫ్, కింద ట్రనియన్లకి నూనె అని. అతను నావంక చూడకుండా ఈయన వంక చూసి నవ్వాడు. "మీ ఆవిడకి బాగా తెలుసే" అని. తెలుసు నాయనా. నీకే తెలీదని ఇవాళ తేలింది.

పోనీ అంటే, ఈయన వాళ్ళ తరఫు! "అంత అనుభవమున్నవాళ్ళకి తెలీకపోతుందా, కొంతమంది గ్రీజే పెడతారట" అంటారు. ఎవరా కొంతమంది? చేతిలో పుస్తకం పట్టుకుని, వేలు దాని మీదే పెట్టి, "హైపాయిడ్ ఆయిల్", అంటే ఆ గేరాయిలే, అని పైకి చదివిన మనిషే ఆ మాట అంటే ఎలా ఉంటుంది చెప్పండి. నలభై ఏళ్ళు దాటిన బండి కనక ఎంఓటీ, అదే ఇక్కడ ఏటా చేయించే బండి తనిఖీ, తప్పనిసరి కాదు, ఏడాదికోసారి ఎవరూ కిందికి వంగి చూడరు. మనమే చూసుకోవాలి. నేను కింద, ఆయన పైన. మధ్యలో బోనెట్ తెరిచి ఉంది కాబట్టి మొహాలు కనబడలేదు, అదొక అదృష్టం. లంచ్ దాకా మాట్లాడుకోలేదు. లంచ్‌లో ఉప్పు అందించమని ఒక్క మాట. వీడియో కాల్‌లో అత్తయ్య "ఏమ్మా, అలా ఉన్నావేం" అంటే "ఏం లేదత్తయ్యా, గ్రీజు" అన్నాను. ఆవిడకేం అర్థమైందో, "వేణ్ణీళ్ళు పోసుకో" అన్నారు.

పాత ముద్దంతా గీకి తీసి, కిరసనాయిలుతో కడిగి, గన్‌లో నూనె నింపి ఎక్కించేసరికి మూడైంది. ఆ గన్ గ్రీజు కోసం చేసింది. నూనె పోస్తే ప్రతి కీలులోంచీ కారుతుంది. నాలుగు నొక్కులు నొక్కితే ఒకటి లోపలికి, మూడు నా మోచేతి మీదుగా చంకలోకి. చివరికి పైన రబ్బరు వాషర్ దగ్గర శుభ్రమైన నూనె ఉబికి కనబడింది. హమ్మయ్య అనుకున్నాను. ఆ నూనె మెల్లిగా జారుతుంటే చూస్తూ పడుకున్నదాన్ని, ఉన్నట్టుండి చిన్నప్పటి దుగ్గిరాలలో ఉన్నాను.

నాన్న హెరాల్డ్ గురించి ఇంతకుముందు రాశాను. స్పిట్‌ఫైర్‌కి అక్కలాంటిది, ముందుభాగం లోపల దాదాపు ఒకటే. ఇక్కడ కోవెంట్రీలో పుట్టిన బండిని 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ పేరుతో కట్టారు. అలాంటిది ఒకటి మూడో చేతిలోనో నాలుగో చేతిలోనో తెనాలిలో మా నాన్న దగ్గరికి చేరింది. ఆదివారం వస్తే బోనెట్ మొత్తం ముందుకి వంచి, ముందు టైరు మీద పీట మీద కూచున్నట్టు కూచునేవాడు. కాలేజీలో ఇంగ్లీషు చెప్పే మనిషి, ఆదివారం మాత్రం బనీనూ లుంగీ, చేతిలో గ్రీజు గన్. నా పని డబ్బా పట్టుకోవడం. "గ్రీజు పెడితే బండి వందేళ్ళు" అనేవాడు. నాలుగు చోట్ల పెట్టాల్సింది పద్నాలుగు చోట్ల పెట్టేవాడు. కొన్నిసార్లు తలుపు బందులకి, ఇంటి గేటుకి కూడా.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు బెజవాడలో పెళ్ళికి బయల్దేరాం. నేను పట్టుపరికిణీ, అమ్మ ముందు సీట్లో ఒళ్ళో స్టీలు క్యారేజీ. దుగ్గిరాలలో దాహం వేస్తోందని నేనే గోల చేశాను. సోడా తాగి, బండి తిప్పుదామని నాన్న స్టీరింగ్ పూర్తిగా కోశాడు, అంటే ఒక పక్కకి చివరిదాకా తిప్పేశాడు. నడిచే వేగం కూడా లేదు. టక్కుమని చప్పుడు. ఎడమ పక్క మోకాలు మడిచిన ఎద్దులా బండి నేలమీదికి వాలింది. అమ్మ క్యారేజీతో సహా తలుపు మీద పడింది. పులిహోరంతా ఒళ్ళో. పసుపు యార్డులోంచి జనం పరిగెత్తుకొచ్చారు. గాలిలో పసుపు ఘాటు, అమ్మ చీర మీదా పసుపే. నేను నవ్వేశాను. ఆ నవ్వుకి ఎన్ని దెబ్బలు తిన్నానో వేరే చెప్పక్కర్లేదు.

బండిని లారీ మీద తెనాలి తెచ్చారు. నాన్న దిగీ దిగగానే మా బండి చూసే మేస్త్రీ షెడ్డు ముందు నిలబడి అరిచాడు. నడిరోడ్డు మీద. పెళ్ళి చెడగొట్టావన్నాడు, నా పెళ్ళాం ప్రాణం తీసేవాడివన్నాడు, ఇంకా ఏవో. మేస్త్రీ విరిగిన ముక్కని వేలితో తడిమి, వాసన చూసి, ఒకటే అడిగాడు. "దీన్లో గ్రీజు పెట్టేదెవరండీ?"

ఎంత పొగరు, అనుకున్నాను అప్పుడు. తప్పు చేసి పైగా ఎదురు ప్రశ్న. నలభై ఏళ్ళు అదే అనుకున్నాను. ఇవాళ బండి కింద, చంకలో నూనె కారుతుండగా, ఆ ప్రశ్నకి జవాబు తెలిసింది. పెట్టింది నాన్న. డబ్బా పట్టుకున్నది నేను.

తర్వాత నాన్న ఆయన దగ్గరికి వెళ్ళలేదు. ఎదురుగా కొత్తగా షెడ్డు పెట్టిన కుర్రాడికి ఇచ్చాడు. మద్రాసు నుంచి కడ్డీ, దిమ్మ తెప్పించాడు. ఆ కుర్రాడు ఒక రోజంతా దిమ్మని ఎక్కించలేక చెమటలు కక్కాడు. సాయంత్రం రోడ్డవతల నుంచి మేస్త్రీ తన దగ్గర పనిచేసే పిల్లాణ్ణి పంపాడు. "ఎడమ పక్కది ఎడమ మరంట. అటు తిప్పమన్నాడు." అంతే చెప్పి పిల్లాడు వెళ్ళిపోయాడు. నాన్న విననట్టు పేపరు చదువుతున్నాడు. కుర్రాడు అటు తిప్పాడు, వెన్నలో చెంచా దిగినట్టు దిగింది. మేస్త్రీ నాకు పాత బేరింగుల్లోంచి గుండ్లు తీసి ఇచ్చేవాడు, గోలీలాటలో వాటికి తిరుగులేదు. ఆ ఏడు నుంచి గుండ్లు లేవు. స్కూలుకి ఆ షెడ్డు ముందు నుంచే వెళ్ళాలి. తల దించుకుని వెళ్ళేదాన్ని. ఎవరూ చెప్పలేదు అలా వెళ్ళమని.

నాన్న ఉంటే ఇప్పుడే ఫోన్ చేసేదాన్ని. ఉన్నా ఒప్పుకునేవాడు కాదు. "దుగ్గిరాల రోడ్డు అలాంటిది" అనేవాడు.

ఇంతదాకా టైపు చేశాక ఇంకోటి తడుతోంది. గ్రీజు వల్లేనని ఎలా చెప్పను? ఆ బండి వర్షాకాలమంతా కాలవగట్టు బురదలో తిరిగింది. నాన్న చేతికి రాకముందు ఎన్నేళ్ళు ఏమీ పొయ్యకుండా నడిపారో. ఏమీ లేనిదానికన్నా ప్రతి ఆదివారం పెట్టిన గ్రీజే నయమేమో. నాన్న పెట్టకపోతే ఇంకా ముందే, ఇంకా వేగంలో ఉండగా విరిగేదేమో. అలా అయితే నాన్న మమ్మల్ని కాపాడినట్టే కదా. మరి అలా అయితే ఆ 65 పౌండ్లవాడు కూడా... లేదు. వాడికి నేను చెప్పాను. నాన్నకి ముందుగా ఎవరూ చెప్పలేదు. అది తేడా. ఆ తేడా నేను వదలను.

అన్నయ్యని అడగాలి. మేస్త్రీ ప్రశ్న వాడికి గుర్తుందేమో. వాడు అప్పుడు స్టెప్నీ మీద కూచుని ఏడుస్తున్నట్టు నాకు జ్ఞాపకం. వాడేమో ఏడ్చింది నేనే అంటాడు.

ఆ, చెప్పడం మరిచాను. కుడిది పూర్తయ్యాక ఈయన ఆగలేక, ఒక్క రౌండ్ అని బండి తీశారు. టాపు దించి వెళ్ళాం, కాన్లీ వైపు. ఈ బండి పుట్టిన ఫ్యాక్టరీ అక్కడే ఉండేది. 1980 ఆగస్టులో చివరి స్పిట్‌ఫైర్ బయటికొచ్చింది అక్కడి నుంచే. ఇప్పుడు బిజినెస్ పార్కు. అక్కడ ఒక రోడ్డు పేరు హెరాల్డ్ అవెన్యూ. ఎండ బాగుంది. ఒక ముసలాయన బస్‌స్టాపులో లేచి నిలబడి చెయ్యి ఊపాడు. ఈయన స్టీరింగ్ తేలికైందన్నారు. నాకేం తేడా తెలియలేదు గానీ తెలిసిందన్నాను. ఉప్పు తర్వాత మాట్లాడిన మొదటి మాట అదే.

కానీ ఇక్కడ పక్కసీటు ఎడమవైపే కదా, అక్కడిలాగే. నేను కూచున్నది ఇంకా గ్రీజు ఉన్న చక్రం పక్కన. ప్రతి మలుపులోనూ కాళ్ళు వాటంతటవే లోపలికి ముడుచుకున్నాయి. హెరాల్డ్ అవెన్యూ చివర ఈయన బండి తిప్పబోతూ స్టీరింగ్ పూర్తిగా కొయ్యబోతే, "ఏవండీ, కొయ్యకండి, ముందుకెళ్ళి రౌండబౌట్‌లో తిప్పండి" అన్నాను. ఎందుకని అడగలేదు. అడగకుండా ముందుకి పోనిచ్చారు.

ఎడమది రేపు చెయ్యాలి. రేపు వానంట. గ్యారేజీలోనే చేస్తాను, తలుపు మూసుకుని. గన్‌కి కట్టడానికి పాత గుడ్డ కావాలి. మా చిన్నదాని పాత టీషర్టులు ఏ సంచీలో పెట్టానో.