మద్యం షాపు ముందు టీచర్ డ్యూటీ: నా అనుభవం

కరోనా డ్యూటీ అంటే నేనెప్పుడూ వెనకాడలేదు. 2020 మార్చి 19న బడులు మూసేశాక బియ్యం, గుడ్లు, చిక్కీలు పిల్లల ఇళ్లకు చేర్చాం. ఏప్రిల్‌లో సగం జీతమే చేతికొచ్చినా ఎవరం పని మానలేదు.

ఈ మే నెల డ్యూటీ మాత్రం నాకింకా మింగుడు పడటం లేదు. 4న మా ఆంధ్రప్రదేశ్‌లో మద్యం షాపులు తెరిచారు. ఆ రాత్రే మా వాట్సాప్ గ్రూపులో ఒక జాబితా పడింది. ఒకవైపు షాపులు, ఎదురుగా టీచర్ల పేర్లు. క్యూ సరిచేయాలి, టోకెన్లు ఇవ్వాలి. కింద సంతకం లేదు, ఉత్తర్వు నంబరూ లేదు. జాబితా పెట్టినవాళ్లకి ఫోన్ చేస్తే, "పైనుంచి చెప్పారు మాస్టారూ, వెళ్లాల్సిందే" అని పెట్టేశారు.

వెళ్లాను. షాపు తెరవకముందే లైను రోడ్డు మలుపు దాటింది. సున్నంతో గీసిన గళ్లు జనం కాళ్ల కింద చెరిగిపోతుంటే మళ్లీ గీయడం నా పనే అయింది. ముందురోజు 25 శాతం ఉన్న ధరల పెంపు ఆ రోజుకి మొత్తం 75 శాతం అయింది. ఆ కోపమంతా టోకెన్లిచ్చే నా మీద చూపించారు.

అంతలో మా పదో తరగతి అమ్మాయి వాళ్ల నాన్న వంతు వచ్చింది. మూతికి తువ్వాలు కట్టుకున్నా గుర్తుపట్టాను. ఆయన తల దించుకునే, "మాస్టారూ, మా పాపకి పరీక్షలెప్పుడండీ?" అన్నాడు. "ఇంకా తేదీ చెప్పలేదండీ" అని చేతిలో టోకెన్ పెట్టాను. వెనక నుంచి ఎవరో, "పరీక్షల సంగతి తర్వాత, ముందు టోకెన్లు కానీయండి మాస్టారూ" అన్నారు. లైనంతా నవ్వింది. పక్కనున్న కానిస్టేబులూ నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. మా బడిలో ఏళ్ల తరబడి లెక్కల్లో ఒక్కరూ తప్పలేదు. ఆ ఊళ్లో నాకు మర్యాద దక్కింది అందుకే. ఉపాధ్యాయుణ్ణి అక్కడ నిలబెట్టినవాళ్లకి చదువంటే ఏం గౌరవమున్నట్టు?

మాకు మాస్కులు కూడా ఇవ్వలేదు. ఆరోగ్య సిబ్బందికి కేంద్రం 50 లక్షల బీమా ప్రకటించింది, మంచిదే. అందులో టీచర్లు లేరు. వందలమంది మధ్య నిలబడి జబ్బు తెచ్చుకుంటే నా పిల్లలకి దిక్కెవరు?

మా ఉపాధ్యాయ సంఘం వాళ్లకి అదే రోజు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. మీకూ ఇలాంటిది ఎదురైతే వాట్సాప్ మెసేజ్‌ని ఉత్తర్వుగా ఒప్పుకోకండి. సంతకంతో కాగితం అడగండి. సంఘాల్ని చిన్నచూపు చూసే కుర్ర టీచర్లు కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి. ఆ జాబితాలోంచి నా పేరు తీయించింది సంఘమే, ఏ అధికారీ కాదు. మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి విషవాయువు లీకై ఊరంతా ఆసుపత్రులకు పరుగులు పెట్టింది. ఆ హడావిడిలో కూడా మావాళ్లు కాగితం పట్టుకుని తిరిగారు.

ఇప్పుడు క్వారంటైన్ కేంద్రంలో వేశారు. అది మనుషులకి పనికొచ్చే పని, సంతోషంగా ఒప్పుకున్నాను. ఉత్తర్వు కాపీ తీసుకుని, మాస్కులు, శానిటైజర్ ఎవరిస్తారో అందులో రాయించుకున్నాకే సంతకం పెట్టాను. రేపటి నుంచి డ్యూటీ.