దిగుడు ముందు, ఎక్కుడు తర్వాత

ఏ కొండకైనా ముందు ఎక్కుతాం, తర్వాత దిగుతాం. తుంబురు తీర్థం దారి మాత్రం తిరగేసి ఉంటుంది. తిరుమలలో పాపవినాశనం డ్యామ్ దగ్గర బయలుదేరి, అడవిలో నడిచి నడిచి చివరికి లోయలోకి దిగుతాం. కాళ్లలో సత్తువ ఉన్నప్పుడు దిగుడు. ఆ సత్తువ అయిపోయి, మిట్టమధ్యాహ్నం ఎండ మాడు పగలగొడుతుంటే ఎక్కుడు.

ఆరేళ్ల కిందట ఇది తెలియకుండా పోయి బాగా దెబ్బతిన్నాను. తీసుకెళ్లిన రెండు లీటర్ల నీళ్లూ దిగేటప్పుడే తాగేశాను. తిరిగి ఎక్కేటప్పుడు తొడలు పట్టేసి ఒక బండ మీద కూలబడిపోయాను. పలమనేరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉప్పేసిన మజ్జిగ గ్లాసులో పోసి ఇచ్చాడు. "దిగేటప్పుడు నువ్వు తాగింది ఎక్కేటప్పటి నీళ్లు నాయనా" అన్నాడు. ఆ మాట నాలో అలాగే ఉండిపోయింది.

ఈసారి నాతో వచ్చినవాడు మా బామ్మర్ది. అమెరికాలో, సాల్ట్ లేక్ సిటీలో ఉద్యోగం. అక్కడ స్కీయింగ్ నేర్చుకున్నాడు. లిఫ్టులో పైకెళ్లి జారి వచ్చే రకం కాదు. స్కీల అడుగున వెనక్కి జారకుండా పట్టీలు అంటించుకుని, మనిషి సొంతకాళ్ల మీద కొండెక్కి, పైన ఆ పట్టీలు పీకేసి దిగే రకం. సెలవు మీద వచ్చినప్పుడు కూడా వాడి మనసంతా ఏప్రిల్‌లో పక్క రాష్ట్రం నెవాడాలో దిగబోయే వీలర్ పీక్ అనే కొండ మీదే ఉంది. రాత్రి భోజనాలయ్యాక మిద్దె మీద చాప పరుచుకుని, సెల్‌ఫోన్ లైటు వెలుగులో మ్యాప్ చూపించాడు.

"ఎడారిలో మంచేందిరా?" అన్నాను.

"చుట్టూ ఎడారే బావా. కింద మోకాలెత్తు పొదలు తప్ప ఏమీ ఉండవు. కొండొక్కటే పదమూడు వేల అడుగులు దాటి లేచి ఉంటాది. ఆ ఎత్తులో పడిన మంచు వసంతం దాకా కరగదు."

ఆ కొండ మీదికి వేసిన రోడ్డులో పైభాగం చలికాలమంతా మూసి ఉంటుందట. అందుకని కారు కిందే వదిలేసి చాలా దూరం నడవాలి. అది కష్టమే అయినా అసలు లెక్క అది కాదని చెప్పాడు. అసలు లెక్క ఎండది. వసంతంలో రాత్రి ఆకాశం తేటగా ఉంటే మంచు బిగిసి గాజులా గట్టిపడుతుంది. పొద్దున ఆ గాజు మీద జారితే ఆగడం మన చేతిలో ఉండదు. ఎండ తగిలాక పైన ఒక అంగుళం మెత్తబడి బొంబాయి రవ్వలా గరుగ్గా తయారవుతుంది. దిగడానికి అదే సమయం. ఆలస్యం చేస్తే లోపలి దాకా నీళ్లు దిగి, తడిసిన మంచు మొత్తంగా కిందికి జారుతుంది. మంచు జారేది ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులోనట. స్కీలతో దిగడానికి బాగుండే వాలూ అదే. అందుకని ఏ వాలు ఏ దిక్కుకు చూస్తోంది, దాని మీద ఎండ ఎన్నింటికి పడుతుంది అని మ్యాప్ మీద పెన్సిలుతో గీతలు గీసుకున్నాడు.

నాకు బాగా నచ్చింది వాడి నోట్‌బుక్. పేజీని కింది నుంచి పైకి రాశాడు. అట్టడుగున, ఎన్నింటికల్లా కారు దగ్గర ఉండాలో ఆ టైము. దాని పైన, వాలు దిగడం పూర్తి కావాల్సిన టైము. ఆ పైన, శిఖరం అందినా అందకపోయినా వెనక్కి తిరగాల్సిన టైము. బయలుదేరే టైము అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా చివర రాసింది. నేను ఆరేళ్లుగా వెతుకుతున్న పద్ధతి అది. "మనకు మంచు లేకపోయినా ఎండ ఉండాది కదరా, తుంబురుకు ఇట్లే రాద్దాం" అన్నాను. ఫాల్గుణ పౌర్ణమి అయ్యాకే వాడి తిరుగు ప్రయాణం. ఆ పౌర్ణమికి జరిగే తీర్థ ముక్కోటికే తుంబురు దారికి భక్తులను వదులుతారు.

మేమూ కిందినుంచే మొదలుపెట్టాం. ఒంటిగంటకు పాపవినాశనం చేరాలి. ఎక్కడానికి మూడు గంటలు. అంటే పదికి తీర్థం వదలాలి. దిగడానికి మూడు గంటలు, అక్కడ కూర్చోవడానికి ఒక గంట. కాబట్టి ఆరుకు నడక మొదలు. మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు. తిరుమలలో ప్లాస్టిక్ బాటిళ్లు నిషేధం కాబట్టి అన్నీ స్టీలువే, బరువు తప్పదు. రెండు బాటిళ్ల మెడకు ఎర్రదారం కట్టాను. దారం కట్టిన నీళ్లు లోయ దాటి ఎక్కుడు మొదలయ్యేదాకా ముట్టకూడదు. పులిహోర, ఉప్పు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు రావద్దని టీటీడీ ముందే చెబుతుంది కాబట్టి బీపీ కూడా చూపించుకున్నాం.

అందరూ కొండెక్కడం సాధన చేస్తారు. మేం దిగడం సాధన చేశాం. మూడు ఆదివారాలు శ్రీవారి మెట్టు పొద్దున్నే ఎక్కి, బస్సెక్కకుండా బ్యాగులతో 2,388 మెట్లూ నడిచే దిగాం. ఎదురొచ్చేవాళ్లు "దిగేది కూడా మొక్కుబడేనా స్వామీ?" అని అడిగారు. మొదటి వారం మూడు రోజులు తొడలు నొప్పి. ఇంట్లో మెట్లు దిగాలన్నా గోడ పట్టుకోవాల్సి వచ్చింది. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువు ఆపాలి, నొప్పంతా అందుకేనని బామ్మర్ది చెప్పాడు. మూడో వారానికి నొప్పి లేదు.

ముందు రోజు సాయంత్రమే కొండెక్కాం. ఘాట్ రోడ్డులో గ్రానైటు మీద క్వార్ట్‌జైటు అనే రాతి పొరలు కూర్చున్న చోటు దగ్గర ఆగాం. ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అంటారు దాన్ని. ఆ గీతకు కిందున్న రాయికీ పైనున్న రాయికీ మధ్య కోట్లాది సంవత్సరాల ఎడం. గీత మీద అరచెయ్యి ఆనిస్తే అటూ ఇటూ రెండు కాలాలు తగులుతాయి. పైనున్న క్వార్ట్‌జైటు చాలా గట్టిది, సులువుగా అరగదు, నిలువునా పగుళ్లిచ్చి విరుగుతుంది. అందుకే శేషాచలం కోనల్లో దిగుడు వాలుగా ఉండదు, గోడలు గోడలుగా ఉంటుంది.

పొద్దున ఆరుకు ఐదు నిమిషాలు ముందే కదిలాం. అప్పటికే జనం బారులు తీరారు. కాళ్ల కింద ఎండుటాకుల చప్పుడు. దారి పక్కన ఎర్రచందనం చెట్టొకటి నిలబడి ఉంటే బామ్మర్ది దాని బెరడు తడిమి చూశాడు. మొసలి వీపులా చదరాలు చదరాలుగా పగిలిన నల్లటి బెరడు. చిన్నప్పటి నుంచి ఈ చెట్టు గురించి పేపర్లో కేసులు చదవడమే గాని, ముట్టుకోవడం ఇదే మొదటిసారి అన్నాడు.

లోయలోకి దిగే చోట మా లెక్క తప్పింది. బండల మీద తాడు పట్టుకుని ఒకరి తర్వాత ఒకరు దిగాలి. ముందు నలభై, యాభై మంది ఉన్నారు. చీరకట్టులో ఒకావిడ ప్రతి బండ దగ్గరా "గోవిందా" అని కూర్చుని జారి దిగుతోంది. తొందరపెట్టడానికి ఎవరికీ నోరు రాలేదు. బామ్మర్ది వాచీ చూసుకుంటున్నాడు. నడకకు టైము వేశాం గాని నిలబడటానికి వెయ్యలేదు. తొమ్మిదింబావు అయింది, ఇంకా నీళ్ల చప్పుడు లేదు.

"పదికి తీర్థం కనపడకపోతే?" అన్నాను.

"తిరిగిపోతాం బావా. రాసుకున్నది అందుకే కదా."

వాడి గొంతులో కోపం గాని నిరాశ గాని లేవు. నాకు మాత్రం కడుపులో టెన్షన్ మొదలైంది. ఇంత దూరం వచ్చి స్వామి తీర్థం చూడకుండా వెనక్కి పోవడమా?

తొమ్మిది ముప్పావుకు నీళ్లలో కాలు పెట్టాం. రెండు రాతిగోడలు ఆకాశం దాకా లేచి, మధ్యలో సన్నటి సందు. ఎర్రటి, పసుప్పచ్చటి రాయి మీంచి నీళ్లు కారుతున్నాయి. బయట మార్చి ఎండ. లోపల నీళ్లు మాత్రం చలికాలం నాటి చల్లదనంతో ఉన్నాయి. తరిగొండ వెంగమాంబ ఈ తుంబురు కోనలోనే ఏళ్లపాటు తపస్సు చేసింది. మా ఉమ్మడి చిత్తూరు జిల్లా ఆడబిడ్డ, వితంతువు, రెండు వందల ఏళ్లకు పైగా అయింది. ఏ తాడూ, ఏ సేవకుల సాయమూ లేని రోజుల్లో ఆమె ఇక్కడికి ఎలా దిగిందో, ఎన్నిసార్లు ఎక్కిందో ఆలోచిస్తే నాకు ఒళ్లు జలదరించింది. నీళ్లు నెత్తిన చల్లుకుని దణ్ణం పెట్టుకున్నాను.

గంట కూర్చోవాలనుకున్నవాళ్లం పావుగంట కూర్చున్నాం. సరిగ్గా పదికి లేచాం. ఇంకాసేపు ఉందామని నా నోటి దాకా వచ్చింది, అనలేదు. మొదటి ఎక్కుడుకి తూర్పు గోడ నీడ ఇంకా ఉంది. అది దాటి అడవిలోకి రాగానే ఎండ మీద పడింది. అక్కడ ఎర్రదారం ఊడదీశాం. అరగంటకోసారి నాలుగు గుక్కలు, ఒక చిటికెడు ఉప్పు. ఆరేళ్ల కిందట కూలబడిన బండను గుర్తుపట్టి, ఆగకుండా దాటాను. పన్నెండున్నరకు పాపవినాశనం చేరాం. నా దగ్గర ఇంకా అర లీటరు మిగిలింది. టీటీడీ వాళ్లు పెట్టిన పెరుగన్నం తింటూనే బామ్మర్ది నోట్‌బుక్ తీశాడు. నెవాడా పేజీలో ప్రతి అంకె పక్కనా ఆగడానికని ఇంకో అంకె రాసి, పైన ఉన్న బయలుదేరే టైము "3.30" కొట్టేసి "2.30" చేశాడు.

ఏప్రిల్‌లో ఒక రాత్రి వాడి ఫోను వచ్చింది. కొండ మొదట్లో గుడారం వేసుకుని రెండున్నరకు లేచారట. పైన చుక్కల్లేవు, రాత్రంతా మబ్బు పట్టే ఉంది. మబ్బుంటే నేల వేడి పైకి పోదు, మంచు బిగవదు. ఒక గంట నడిచి చెయ్యి గుచ్చితే మణికట్టు దాకా దిగిపోయింది. అక్కడి నుంచే వెనక్కి తిరిగారు.

"మళ్లీ మేలో చూస్తాం బావా" అని, వచ్చే ఏడు ఫాల్గుణ పౌర్ణమి ఏ తేదీనో అడిగాడు. కొత్త పంచాంగం తెచ్చి చూసి చెబుతానన్నాను.