ఐదు మార్కులు తినేసిన పొటాషియం

నీట్‌కి రెండోసారి, మూడోసారి కూర్చుంటున్నవాళ్ల కోసం ఇది. టైమ్‌టేబుళ్ల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను రాయను. ఏడాదంతా నన్ను ఏడిపించిన ఒక్క టాపిక్ గురించే చెప్తాను. కణత్వచానికి (కణం చుట్టూ ఉండే పొరకి) ఛార్జి ఉంటే అయాన్లు ఎటు పోతాయి, నీళ్లు ఎటు పోతాయి అన్నది.

మాది నౌపడ పక్కన. నాన్నది ఉప్పు మడుల్లో పని. ఉప్పులో పుట్టి పెరిగి సోడియం, పొటాషియం దగ్గర మార్కులు పోగొట్టుకుంటున్నానని ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు.

ఒక మాక్ టెస్టులో వచ్చిన ప్రశ్న. నాడీకణం లోపల −70 మిల్లీవోల్టులు ఉంది, పొటాషియం చానెళ్లు (త్వచంలో పొటాషియం పోయే దారులు) ఇంకొన్ని తెరుచుకున్నాయి, పొటాషియం ఎటు కదులుతుంది? లోపల నెగటివ్, ఇది పాజిటివ్, ఇంకేముంది, లోపలికే అని పెట్టేశాను. రావాల్సిన 4 పోయాయి, పైన ఒకటి కోత. తర్వాతి టెస్టులో ఇంకో ఘనకార్యం: నీళ్లు పోలార్ (అణువుకి ఒక కొస కాస్త పాజిటివ్, ఇంకో కొస కాస్త నెగటివ్) కాబట్టి వాటినీ ఛార్జే లాగుతుందని రాశాను.

పొటాషియం గాఢత లోపల సుమారు 140 మిల్లీమోలార్, బయట 4. గాఢత బయటికి తోస్తుంది, ఛార్జి లోపలికి లాగుతుంది. ఎవరిది పైచేయో నెర్న్‌స్ట్ సమీకరణం చెప్తుంది. శరీర ఉష్ణోగ్రత దగ్గర, బయటి గాఢతను లోపలి గాఢతతో భాగించి, లాగరిథమ్ (బేస్ 10) తీసి, 61తో గుణించాలి. −94 వస్తుంది. లోపల అంత నెగటివ్ ఉంటేగానీ పొటాషియం ఆగదు. ఉన్నది −70 మాత్రమే, కాబట్టి బయటికే పోతుంది. సోడియానికి ఈ లాగులాట లేదు. గాఢతా లోపలికే, ఛార్జీ లోపలికే. తలుపులు దాదాపు అన్నీ మూసి ఉన్నాయి కాబట్టి బయట పడి ఉంటుంది, అంతే.

ఆ −70ని త్వచంలో ఉండే సోడియం-పొటాషియం పంపే తయారుచేస్తుందని చాలామంది రాసేస్తారు. 3 సోడియం బయటికి, 2 పొటాషియం లోపలికి వేసే పంపు నేరుగా ఇచ్చేది కొద్ది మిల్లీవోల్టులే. దాని అసలు పని గాఢతల్లో తేడా నిలబెట్టడం. మిగతాది పొటాషియం కారడం వల్ల వస్తుంది. 70 మిల్లీవోల్టులంటే టార్చి బ్యాటరీ ముందు ఏపాటి అనుకోకండి. త్వచం మందం 7 నానోమీటర్లనుకుంటే సెంటీమీటరుకి లక్ష వోల్టుల లెక్క.

ఇక నీళ్లు. ఇక్కడ నన్ను ముంచింది ‘పొటెన్షియల్’ అన్న మాట. తెలుగు మీడియంలో ‘శక్మం’. నీటి శక్మం, త్వచ శక్మం ఒకే కుటుంబం అనుకున్నాను. ఒకదాన్ని పాస్కల్స్‌లో కొలుస్తారు, ఇంకోదాన్ని మిల్లీవోల్టుల్లో. అది చూసుంటే చాలు.

మే నెలలో అమ్మ మాగాయకి ముక్కలు తరిగి ఉప్పు, పసుపు కలిపి జాడీలో పెట్టింది. మూడో రోజుకి ముక్కలు మెత్తబడి ఊటలో తేలుతున్నాయి. ఇన్ని నీళ్లెక్కడివే అంటే, “ఉప్పేసీసినాక నీరు దిగక ఏటవుద్దిరా?” అంది. నీటి అణువుకి నికర ఛార్జి సున్నా. రెండు కొసలూ చెరోవైపు తిరుగుతాయేమోగానీ వోల్టేజీ దాన్ని మోసుకుపోదు. కరిగిన పదార్థం ఎక్కువున్న వైపు అదే పోతుంది.

అయితే ఆ ఉప్పు ఎటు పోవాలో ఛార్జి తేల్చవచ్చు. కలరాలో టాక్సిన్ వల్ల క్లోరైడ్ చానెళ్లు మూసుకోవు. క్లోరైడ్ పేగులోకి పోతుంది, ఆ నెగటివ్ వెనక సోడియం, ఆ రెండిటి వెనక నీళ్లు. ఓఆర్ఎస్‌లో గ్లూకోజ్ తోడుగా సోడియాన్ని వెనక్కి లాగితే నీళ్లూ వెనక్కి వస్తాయి. పత్రరంధ్రాల రక్షక కణాలదీ ఇదే కథ. ప్రోటాన్లను బయటికి పంపాక లోపల నెగటివ్ పెరుగుతుంది, పొటాషియం వస్తుంది, నీళ్లొస్తాయి, కణం ఉబ్బుతుంది, రంధ్రం తెరుచుకుంటుంది. జువాలజీలో ఒకసారి, బోటనీలో ఒకసారి విడివిడిగా బట్టీ కొట్టాను దీన్ని!

2003 కెమిస్ట్రీ నోబెల్ గుర్తుంచుకోవడం కూడా ఇప్పుడు తేలిక. నీటి చానెల్‌కి పీటర్ ఆగ్రే, పొటాషియం చానెల్‌కి రోడెరిక్ మెకినన్.

ఇప్పుడు ప్రతి ప్రశ్న పక్కనా రెండు బాణాలు గీస్తాను, గాఢతకి ఒకటి, ఛార్జికి ఒకటి. నీటికైతే ఒక్కటే. ఫిజిక్స్ ఎలా అని మాత్రం నన్నడక్కండి.

క్లోరైడ్‌తో మీరూ చేసి చూడండి: బయట 110, లోపల 7. నెగటివ్ అయాన్ కాబట్టి గుర్తు తిరగేయడం మర్చిపోవద్దు. నాకు −73 వచ్చింది.