గోడ కూలినా కథ అవ్వదు
రాత్రి బ్రిటిష్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ 'ది వాల్' మళ్లీ మొదటి నుంచి చివరిదాకా విన్నాను. 1979లో వచ్చిన డబుల్ ఆల్బమ్. అందరికీ తెలిసింది పిల్లల కోరస్ ఉన్న పాటే. నిజం చెప్పాలంటే, విడిగా వింటే నాకది అంతగా ఎక్కదు.

పింక్ అనే రాక్ స్టార్ కథ ఇది. యుద్ధంలో పోయిన తండ్రి, ఊపిరాడనివ్వని తల్లి, బడిలో అవమానాలు, చెడిన కాపురం... ఒక్కో దెబ్బ గోడలో ఒక్కో ఇటుక. దీన్ని రాసిన బ్యాండ్ సభ్యుడు రోజర్ వాటర్స్ తండ్రి కూడా 1944లో ఇటలీలోని అంజియో దగ్గర యుద్ధంలోనే చనిపోయాడు. 1977లో మాంట్రియల్ కచేరీలో వాటర్స్ చిరాకెత్తి ఓ అభిమాని మీద ఉమ్మేశాడట. తనకీ జనానికీ మధ్య గోడ కట్టేస్తే అన్న ఆలోచన అక్కడే మొదలు.

నాకు ప్రాణం మాత్రం 'కంఫర్టబ్లీ నంబ్' పాట. డాక్టర్ పొడిపొడి ప్రశ్నలు వాటర్స్ గొంతులో, పింక్ మత్తు బ్యాండ్ గిటారిస్ట్ గిల్మర్ గొంతులో. చివరి గిటార్ సోలో నడుస్తుంటే ఎవరు ఫోన్ చేసినా ఎత్తను.

రెండో డిస్క్‌లో కాస్త సాగదీత ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఆల్బమ్ ఆఖర్లో గొణిగిన సగం వాక్యం, మొట్టమొదట వినిపించే మిగతా సగంతో సరిగ్గా అతుక్కుంటుంది. గోడ కూలిందనుకునేలోపే మళ్లీ కట్టడం మొదలన్నమాట! దయచేసి షఫుల్‌లో వినకండి.