సోలెడు పచ్చజొన్నలు: జహీరాబాద్ పల్లెల్లో మూడు రోజులు

సంక్రాంతి వెళ్లిన నాలుగో రోజున, ఇంకా మంచు విడవని వేళ, పటాన్‌చెరులో జహీరాబాద్ బస్సు ఎక్కాను. ఎక్కిన చోటికి కొద్ది దూరంలోనే ఇక్రిశాట్ ఆవరణ ఉంది. 1972లో ఏర్పడిన ఆ పరిశోధన సంస్థలో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ వంటి మెట్టపంటల విత్తన నమూనాలు లక్షకు పైగా శీతల గదుల్లో భద్రంగా ఉన్నాయి. దీర్ఘకాలం దాచే గదిలో ఉష్ణోగ్రత మైనస్ 20 డిగ్రీలు. నేను చూడబోతున్న ఇళ్లల్లో అవే పంటల విత్తనాలు ఈత బుట్టల్లో, వేపాకు మధ్య, బూడిద పొరల కింద ఉంటాయి. ఒకే రహదారి మీద ఈ రెండు రకాల భాండాగారాలూ ఉండటం నాకు ఎప్పుడూ ఆలోచించదగిన విషయంగానే తోచింది.

ఈ ప్రయాణానికి ఒక పాత బాకీ కారణం. పదకొండేళ్ల కిందట ఒక సంస్థ తరఫున ఆహార సర్వే కోసం ఈ ప్రాంతంలోనే నెల రోజులు తిరిగాను. బియ్యం, గోధుమలు, పప్పులు, నూనె, కూరగాయలు అంటూ వరుసలుగా అచ్చువేసిన కాగితం నా చేతిలో ఉండేది. వారంలో ఏది ఎంత కొన్నారో, ఎంత ఖర్చయిందో అందులో నింపాలి. ఒక ఇంట్లో నడివయసు స్త్రీ పొయ్యి మీద ఉడుకుతున్న దొగ్గలికూర చూపించి, “గీ కూర నీ కాయితంల ఏడుంది బిడ్డా?” అని అడిగింది. ఆ కూర ఆమె విత్తనిది, కొననిది, అమ్మనిది. చేలో పైరు మధ్య తానుగా మొలిచినది. నా కాగితంలో దానికి గడి లేదు. ఆ ఇంటి లెక్కలో ‘ఆకుకూరలు’ అన్నచోట సున్న వేసి వచ్చాను. ఆ సున్న తప్పని అప్పుడే తెలుసు. పైకి పంపిన నివేదిక నకలు ఒక్కటైనా ఆ ఊరికి తిరిగి వెళ్లలేదు. స్థానిక ఆహారం గురించి ఎక్కడ ఏ చర్చ విన్నా నాకు ముందు గుర్తుకొచ్చేది ఆ గడియే.

సంగారెడ్డి, సదాశివపేట దాటాక నేల రంగు మారుతుంది. ఒకచోట రాళ్లు తేలిన ఎర్రనేల, ఇంకొంత దూరానికి నల్లరేగడి. రోడ్డుకు దగ్గరగా చెరకు, అల్లం. లోపలికి వెళ్లిన కొద్దీ మెట్టచేలు. జహీరాబాద్‌ను ఆనుకునే పస్తాపూర్ ఉంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ 1983లో పని మొదలుపెట్టింది ఈ ప్రాంతంలోనే. దూరదర్శన్‌లో పనిచేసి వచ్చిన పి.వి. సతీశ్ దాని వ్యవస్థాపకుల్లో ఒకరు. 2023 మార్చిలో ఆయన కన్నుమూశారు. సుమారు 75 గ్రామాల్లో ఏర్పడిన మహిళా సంఘాలు ఈ పనికి ప్రాణం. సభ్యుల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు, ఎకరమో రెండెకరాలో చెలక ఉన్నవాళ్లు.

అదే 1983లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. ఆకలి తీర్చిన ఆ పథకాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అయితే మెట్ట ప్రాంతంలో చవక బియ్యం చేరిన కొద్దీ జొన్నకు గిరాకీ తగ్గింది, జొన్న తగ్గిన కొద్దీ చేలు బీడుపడ్డాయి, చేలు బీడుపడితే కూలి పోయింది, పశువులకు సొప్ప కూడా కరువైంది. ఈ గొలుసును గుర్తించినవాళ్లు సంఘాల స్త్రీలే. 1990ల మధ్యలో వాళ్లు కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సాయంతో తమ సొంత ధాన్యనిధి మొదలుపెట్టారు. బీడు భూములున్న రైతుకు దుక్కికి, ఎరువుకు, విత్తనానికి అప్పు ఇవ్వడం, ఆ అప్పును కొన్నేళ్లపాటు జొన్నల రూపంలో తిరిగి తీసుకోవడం, ఆ జొన్నలను ఊళ్లోనే దాచి గింజలు కరువయ్యే నెలల్లో పేద ఇళ్లకు తక్కువ ధరకు అమ్మడం దాని పద్ధతి. ఎవరు పేద అన్నది దఫ్తరులో తేలలేదు. ఊరంతా కూర్చుని, ఒక్కొక్క ఇంటి పేరు చెప్పుకుని, ఏడాదిలో ఎన్ని నెలలకు గింజలున్నాయి, పనిచేసే చేతులెన్ని, పశువులున్నాయా అని చర్చించి వరుస కట్టారు. ప్రజలు చేసిన పరిశోధన అంటే నాకు మొదట గుర్తుకొచ్చేది ఇదే. ఆ లెక్క తప్పితే పక్కింటివాళ్లు పస్తులుంటారు. అందుకే ఎవరూ ఊరికే అంకె వేయరు.

మధ్యాహ్నం ఒక సంఘం విత్తన ఇంటికి వెళ్లాను. వెలుతురు పల్చగా ఉన్న గదిలో గోడవారగా ఈత బుట్టలు, మట్టి కుండలు. విత్తనాలు చూసుకునే అవ్వ ఒక బుట్ట ముందుకు లాగింది. మూతిని మన్నూ పేడా కలిపి అలికి మూసింది. ఎండిన ఆ అలుకును బొటనవేలితో అంచు వెంబడి పగలగొట్టి, పైనున్న వేపాకును ఒక పక్కకు తీసి, బూడిద కప్పిన కొర్ర గింజలను దోసిట్లోకి తీసుకుంది. ఊది, రెండు గింజలు పంటి కింద పెట్టి కొరికింది. టక్కుమని చప్పుడు వచ్చింది. “గిట్ల పలకాలె. మెత్తగయితే ఎండ సరిపోలే అన్నట్టు,” అంది. విత్తనానికి కంకిని ఎప్పుడు ఎంచుతారని అడిగితే, కోతప్పుడు కాదని, పైరు నిలబడి ఉండగానే చేలో తిరిగి, పురుగు ముట్టని, గింజ బిగువుగా ఉన్న కంకులకు గుర్తు పెట్టుకుని, వాటిని విడిగా కోసుకుంటామని చెప్పింది. కొర్ర, సామ, తైదలు, పచ్చజొన్న, తెల్లజొన్న, అనుములు, ఉలవలు, బొబ్బర్లు, పుంటికూర, కుసుమలు: ఆమె పేర్లు చెబుతుంటే రాసుకోవడానికి నా చేతివేగం చాలలేదు.

అక్కడి నియమం ఒక్కటే. సోలెడు విత్తనం తీసుకుంటే పంట తరువాత రెండు సోలలు తిరిగి ఇవ్వాలి. డబ్బు తీసుకోరు. తెచ్చిన విత్తనం బాగుందో లేదో చూసి తీసుకునేదీ ఆ అవ్వే.

మరునాడు పాత పంటల జాతరతో పాటు నడిచాను. సంక్రాంతి నాడు మొదలై దాదాపు నెలరోజులు ఊరూరా సాగే ఈ జాతరలో ఎడ్లబండ్లను అలంకరించి, విత్తనాలు నింపిన కుండలను వాటిపై పెట్టి, డప్పుల వెంట పాటలు పాడుతూ వెళతారు. ఊరి మొదట్లో స్త్రీలు ఎదురొచ్చి బండ్లకు నీళ్లు వారబోసి, విత్తనాలకు పసుపు కుంకుమలు పెట్టి లోపలికి తీసుకెళ్లారు. తరువాత చెట్టు కింద కూర్చుని మాట్లాడుకున్నారు: ఏ పంట పోయింది, ఏ విత్తనం ఏ ఊళ్లో మిగిలింది, అడవిపందుల్ని ఎలా ఆపాలి. పండుగా సభా ఇంత సహజంగా కలిసిపోవడం నేను మరెక్కడా చూడలేదు.

ఆ మధ్యాహ్నం ఒక ఇంటి వాకిట్లో జరిగిన పనిని కొంచెం వివరంగా చెప్పాలి. పన్నెండు మంది స్త్రీలు ముగ్గుపిండితో నేల మీద పెద్ద చదరం గీసి, గడులుగా విడగొట్టారు. నిలువు వరుసల తలల దగ్గర పంటలు పెట్టారు: కొన్ని పచ్చజొన్నలు, కొన్ని కొర్రలు, ఒక కంది కాయ, చివర ఒక పత్తి కాయ. అడ్డు వరుసల్లో ఏ గుణాలు చూడాలో వాళ్లే నిర్ణయించుకున్నారు. నేనైతే ఎకరాకు దిగుబడితో మొదలుపెట్టేదాన్ని. వాళ్లు మొదట పెట్టింది ‘పొద్దుగూకే దాక కడుపుల నిలుస్తదా’ అన్న ప్రశ్న. రెండోది పశువులకు మేత. మూడోది నేలకు బలం. నాలుగోది బాలింతకు పనికొస్తుందా అన్నది. దిగుబడి అయిదో వరుసలో వచ్చింది, ఆరోది అమ్మకం. ఒక్కొక్క గడిలో పదికి ఎన్ని చింతగింజలు పెట్టాలన్న దాని మీద వాదన జరిగింది. నేలకు బలం అన్న వరుసలో కందికి ఎనిమిది పెట్టిన ఆమెను మరొకామె ఆపి, కంది ఆకు రాలి మన్నులో కలిసే చేను వేరు, కట్టె కోసం పీకిన చేను వేరు అని రెండు గింజలు తీసేసింది. కొంత వాదన తరువాత ఒకటి తిరిగి పెట్టారు. చివర చూస్తే పత్తి నిలువు వరుసలో అమ్మకం దగ్గర తొమ్మిది గింజలు, కడుపు దగ్గర ఖాళీ. ఆ ఖాళీ గడిని నేను చాలాసేపు చూశాను. సూర్యాపేట దగ్గర మా అమ్మ పేరిట ఉన్న రెండెకరాల చెలకలో పదిహేనేళ్లుగా పత్తి తప్ప మరొకటి లేదు.

సాయంత్రం ఊరి వెనక నల్లరేగడి చేలు చూపించారు. జొన్న కంకులకు పాలు పట్టే దశ; మధ్య సాళ్లలో శనగ, అవిసె, గట్ల వెంబడి ముళ్ల కుసుమ. వానాకాలంలో పట్టిన తేమతోనూ రాత్రి మంచుతోనూ, పైన నీరు పెట్టకుండా పండే ఈ యాసంగి పంటలను ఇక్కడి స్త్రీలు సత్యం పంటలు అంటారు. మోటారు, ఎరువుల బస్తా, అప్పు, ఏదీ అడగకుండా మాట నిలబెట్టుకునే పంటలు కాబట్టి ఆ పేరు అని ఒకామె వివరించింది. ఆమె నడుస్తూనే వంగి సాళ్లలోంచి ఆకులు తుంపి కొంగులో వేసుకుంటోంది. గునుగు, తుమ్మి, పొన్నగంటి, జొన్నచెంచలి, ఎలుకచెవుల కూర అంటూ పేర్లు చెప్పింది. కలుపుమందు కొట్టిన చేలో ఇవేవీ ఉండవు. పంట మార్పుతో పోయిన ఆహారం లెక్క ఎవరి పట్టికలోకీ ఎందుకు రాదో ఆమె కొంగు చూస్తే అర్థమవుతుంది.

మూడో రోజు అల్గోల్ వెళ్లాను. 2001 జూన్‌లో ‘ప్రజాతీర్పు’ జరిగింది ఈ ఊళ్లోనే. అప్పటి రాష్ట్ర ప్రభుత్వపు విజన్ 2020 పత్రం వ్యవసాయం మీద ఆధారపడే జనాన్ని 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించాలని చెప్పిన కాలమది. రాష్ట్రం నలుమూలల నుంచి వచ్చిన చిన్న, సన్నకారు రైతులను, అందులో అధికభాగం స్త్రీలను, న్యాయనిర్ణేతలుగా కూర్చోబెట్టి, వ్యవసాయానికి మూడు రకాల భవిష్యత్తులను వీడియోల ద్వారా చూపించి, శాస్త్రవేత్తలనూ అధికారులనూ కంపెనీల ప్రతినిధులనూ సాక్షులుగా పిలిచారు. రైతులు వాళ్లకు ఎదురు ప్రశ్నలు వేశారు. సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పి.బి. సావంత్ పర్యవేక్షకుల్లో ఉన్నారు. చివరకు రైతులు తమ నేల, విత్తనం, అడవి మీద తమ అధికారం ఉండాలని, జన్యుమార్పిడి పంటలు వద్దని, జనాన్ని పొలం నుంచి తరలించే ఆలోచన వద్దని తీర్పు ఇచ్చారు. దాన్ని ప్రభుత్వం అమలు చేయలేదు. ఎంపికలో పక్షపాతం ఉందన్న విమర్శలూ వచ్చాయి. ఆ విమర్శలను తోసిపుచ్చనవసరం లేదు. అయినా, పరిశోధనలో సమాధానం చెప్పేవాళ్లుగా మాత్రమే ఉండిన మనుషులు ప్రశ్న వేసేవాళ్లుగా మారిన ఆ రోజులు నాకు విలువైనవి.

ఇక్కడ అంతా పచ్చగా ఉందని చెబితే అబద్ధమవుతుంది. కొర్రలు, సామలు దంచడం ఒళ్లు హూనం చేసే పని, అది ఇంట్లో ఎవరి మీద పడుతుందో తెలిసిందే. భూముల ధరలు పెరిగాయి. పరిశ్రమల కోసం భూసేకరణ జరిగిన మండలాలు పక్కనే ఉన్నాయి. చదువుకున్న పిల్లలు ఫ్యాక్టరీ పనికి వెళుతున్నారు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపాక నగరంలో కొర్రల ధర పెరిగింది గానీ, పండించిన ఇంటికి అందులో ఎంత చేరిందన్న ప్రశ్న ఈ స్త్రీలు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. 2019లో ఈ సంఘాలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చిన ఈక్వేటర్ బహుమతి వచ్చింది. గౌరవం గొప్పదే. జొన్నలను రేషన్ దుకాణంలో పెట్టించే బలం మాత్రం బహుమతులకు లేదు, దానికి ప్రభుత్వ నిర్ణయం కావాలి.

రాత్రి ఏడు గంటలకు సంఘం రేడియో పెట్టారు. 2008 అక్టోబరులో మాచునూరులో ప్రసారం మొదలైన ఈ కేంద్రాన్ని దళిత స్త్రీలే నడుపుతారు. లైసెన్సు రాకముందు ఏళ్లతరబడి క్యాసెట్లలో రికార్డు చేసి సంఘాల్లో వినిపించుకున్నారు. ఆ రాత్రి విత్తన శుద్ధి గురించి ఒక రైతు చెప్పింది, తరువాత పాట వచ్చింది. వింటూ ఉండగా ఇంటామె నన్ను అడిగింది: “ఎనుకట గూడ మస్తుమంది రాసుకపోయిండ్రు. ఆ కాయితాలు ఏమైనయ్ బిడ్డా?” నేను రాసుకుపోయినవాళ్లలో ఒకరినని చెప్పాను. దొగ్గలికూర సంగతి, సున్న సంగతి చెప్పాను. ఆమె కోపగించుకోలేదు. “గా ఊరికి పొయ్యి చెప్పు,” అంది.

తెల్లవారి ఆ ఊరికి వెళ్లాను. నాతో మాట్లాడిన స్త్రీ లేదు, కోడలు ఉంది. మూడు రోజులూ రాసుకున్న కూరల పేర్లు చదివి వినిపించాను. తప్పు రాసిన రెండు పేర్లు ఆమె దిద్దింది, నేను విడిచిన అత్తిలికూర చేర్చమంది.

తిరుగు బస్సుకు ముందు విత్తన ఇంటికి వెళ్లి, మా అమ్మ చెలకలో కాస్త జాగాలో వేయడానికి విత్తనం అడిగాను. అవ్వ ముందు నేల రంగు అడిగింది, ఎర్ర చెలక అని చెప్పాక పచ్చజొన్న తీసింది. మధ్యలో కంది సాలు తప్పకుండా వేయమని చెప్పి, సోల నిండా కొలిచి, గుడ్డలో మూట కట్టింది. చదువు వచ్చిన అమ్మాయి సంఘం పుస్తకం తెరిచి, నా పేరు, ఊరు రాసి, ఎదురుగా ‘రెండు సోలలు, వచ్చే జాతరకు’ అని రాసింది.